దేశం వాటా, కూలీల వాటా

ప్రపంచ ఆర్థిక సంస్థల్ని సంస్కరించాలనే మన మేధావుల రాతల్లో ఎక్కువభాగం దేశాల వాటా లెక్కే. 2010లో ఒప్పుకుని 2016లో అమలైన సంస్కరణతో అంతర్జాతీయ ద్రవ్యనిధిలో భారత్ కోటా సుమారు 2.75 శాతమైంది. మంచిదే. దేశం లోపలి వాటా మాటేమిటి?

2002లో కొల్లేరు రామ్‌సర్ అంతర్జాతీయ ఒడంబడిక జాబితాకెక్కింది. సరస్సుని వివేకంగా వాడుకోవాలంటుంది ఆ ఒడంబడిక. వాడుకునేది ఎవరు? 2006లో చెరువుగట్లు తెగ్గొట్టినప్పుడు పెట్టుబడి పెట్టిన మోతుబరులూ, సొసైటీలో పేరు తప్ప చెరువు మీద పెత్తనంలేని దళితులూ ఒకేగాటన 'ఆక్రమణదారులు' అయిపోయారు!

రొయ్యల సంగతీ అంతే. 2025లో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఎగుమతిదార్ల నష్టం పత్రికలకెక్కింది. రొయ్యల తలలు తీసే ఆడకూలీల రోజుకూలి అంతగా ఎక్కలేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల్లో ఈ పాఠం చెప్పే మిత్రుల్ని, దేశం వాటా పక్కనే ఆ కూలి కూడా బోర్డు మీద రాయమంటున్నాం.