మదనపల్లె టు టోక్యో: ఒక ఇంగ్లీషు పాఠం

మదనపల్లె బీటీ కాలేజీ అనగానే 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేయడం, జనగణమనను ఇంగ్లీషులో రాయడం గుర్తొస్తాయి. అప్పటి ప్రిన్సిపాల్, ఐర్లండ్ కవి జేమ్స్ కజిన్స్ అదే ఏడాది టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయానికి ఇంగ్లీషు కవిత్వం చెప్పడానికి వెళ్లారు. ఈ సంగతి మన జిల్లాల్లో ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఇంగ్లీషు మాస్టారుగా నాకు మాత్రం ఆ ప్రయాణమంటే ఎంతో మక్కువ.

ఎందుకంటే అక్కడి పిల్లల ఇబ్బందీ ఇక్కడి పిల్లల ఇబ్బందీ ఒకటే. "నేను బడికి వెళ్లాను" అనడానికి జపాన్ హైస్కూలు పిల్లాడు "వతాషి వా గక్కో ని ఇకిమాషితా" అంటాడు. వతాషి అంటే నేను, గక్కో అంటే బడి, 'ని' మన 'కి', ఇకిమాషితా అంటే వెళ్లాను. వరుస అచ్చంగా మనదే. ఇంగ్లీషులో క్రియ నడుమకొచ్చి, 'టు' బడికి ముందు కూర్చునేసరికి ఇద్దరూ తడబడతారు. 'ఎ', 'ది' ఎక్కడ పెట్టాలన్నదీ ఇద్దరికీ చిక్కే. డెస్క్ అనమంటే వాళ్లు 'డెసుకు' అంటారు, మనవాళ్లు 'డెస్కు' అంటారు.

నేను బోర్డు మీద తెలుగు వాక్యం రాసి, దాని కింద ఇంగ్లీషు మాటల్ని అదే వరుసలో పేరుస్తాను: ఐ, స్కూల్, టు, వెంట్. తర్వాత 'వెంట్' నుంచి 'ఐ' పక్కకు ఒక బాణం, 'టు' నుంచి 'స్కూల్' ముందుకు ఇంకో బాణం గీస్తాను. నాలుగు వాక్యాలయ్యాక చాక్‌పీసు పిల్లల చేతికిస్తే బాణాలు వాళ్లే గీసేస్తారు. వ్యాకరణం పేర్లు చెప్పే పనే ఉండదు.

పైన తెలుగు వాక్యం లేకపోతే ఆ బాణం ఎక్కణ్నుంచి గీయాలి? అయినా, తెలుగు మానితేనే ఇంగ్లీషు వస్తుందన్న నమ్మకం మనల్ని వదల్లేదు. 2009లో మైదుకూరులోని ఒక బడిలో 'తెలుగులో మాట్లాడను' అని రాసిన పలకలు పిల్లల మెడలో వేలాడదీశారు. ఆ వార్త తలచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది. కజిన్స్ పద్ధతి వేరు. మైసూరులో కుర్రవాడైన కువెంపు తన ఇంగ్లీషు కవితలు చూపిస్తే, నీ భాషలో రాయమని చెప్పి పంపారాయన. ఆ కువెంపుకే 1967 జ్ఞానపీఠం వచ్చింది, కన్నడ కావ్యానికి.

తోటి మాస్టార్లకు నా మనవి ఒక్కటే. రేపు తరగతిలో ముందు పిల్లల ఇంటి భాషలో ఒక వాక్యం రాయండి. కుప్పం, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలుంటే తమిళ వాక్యమే రాయండి. అక్కడా క్రియ చివరే ఉంటుంది.