అడిగే ముందు లెక్క

పెద్ద సినిమా టీజర్ సాయంత్రం వచ్చిందంటే, రాత్రికల్లా అభిమానుల మధ్య ఒకటే చర్చ: 24 గంటల్లో ఎన్ని వ్యూస్? ఆ అంకెల్ని ఎప్పటికప్పుడు పట్టి చూపే ట్రాకర్లు రాయడం నాకు ఇష్టమైన పని. అందులో కోడ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది కోటా సంగతి.

యూట్యూబ్ డేటా ఏపీఐ మామూలుగా ఒక ప్రాజెక్టుకు రోజుకు 10,000 యూనిట్లు ఇస్తుంది. బోలెడన్ని అనిపిస్తాయి. చాలా ఏళ్లుగా నడిచిన లెక్కలో ఒక్క సెర్చ్ ఖరీదు 100 యూనిట్లు. సినిమా పేరుతో పది నిమిషాలకోసారి సెర్చ్ చేసే ట్రాకర్ పదిహేడు గంటలు కూడా నిండకుండానే చేతులెత్తేస్తుంది. అదే వీడియో ఐడీలు మన దగ్గరుంటే, 50 వీడియోల వ్యూస్ ఒకే పిలుపులో వస్తాయి, ఒక్క యూనిట్‌కే. నిమిషానికోసారి అడిగినా రోజుకు 1,440. కొత్త టీజర్ వచ్చిందేమో తెలియాలంటే ఆ ఛానెల్ అప్‌లోడ్స్ ప్లేలిస్ట్ చూస్తే చాలు, దానికీ ఒక్క యూనిట్టే.

అసలు నిమిషానికోసారి ఎందుకు? మొదటి రాత్రి వ్యూస్ పరుగెడతాయి కాబట్టి ఐదు నిమిషాలకోసారి అడగడంలో అర్థముంది. మూడో రోజుకి గంటకోసారి సరిపోతుంది. నెల దాటిన వీడియోకి రోజుకొక్కసారి చాలు. ఏ అంకె ఎంత వేగంగా కదులుతుందో గమనించి, దాన్నిబట్టి అడిగే ట్రాకరే నా దృష్టిలో మంచి ట్రాకర్.

కోటా తిరిగి నిండేది అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం అర్ధరాత్రికి. మనకది వాళ్ల వేసవిలో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. సాయంత్రం విడుదలైన టీజర్ 24 గంటలు రెండు కోటాల మీద పడతాయి. యూనిట్లు అడుగంటేది మర్నాడు పొద్దున, జనం నిద్రలేచి అంకె కోసం చూసే వేళకే. అందుకే ఆ పూటకి కొంత విడిగా తీసిపెడతాను.

కోటా అయిపోయిందన్న 403 ఎర్రర్ కోడ్ వచ్చాక మళ్లీ మళ్లీ తట్టడం దండగ. కోటా మిగిలి ఉన్నప్పుడైతే తప్పుగా అడిగిన ప్రశ్నకీ కనీసం ఒక యూనిట్ పోతుంది. 429 వేరు. అది తొందరపడుతున్నావన్న హెచ్చరిక. ఎంతసేపు ఆగాలో సర్వరే చెబితే అంతసేపు ఆగాలి. చెప్పకపోతే ఒక్కోసారికీ విరామాన్ని రెట్టింపు చేస్తూ, దానికి కొన్ని సెకన్లు అటూఇటూ కలపాలి. లేకపోతే ఆగినవాళ్లంతా ఒకే క్షణాన మళ్లీ మీదపడతారు.

నాలుగు ప్రాజెక్టులు తెరిచి నాలుగు ఏపీఐ కీలతో కోటా పెంచుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. యూట్యూబ్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు, నేనూ ఒప్పుకోను. నిజంగా అవసరముంటే పని వివరించి అదనపు కోటా అడిగే దారి ఉంది.

ఇంత చేసినా కొన్ని గంటల సమాచారం అందదు. అప్పుడు అటు చుక్కనీ ఇటు చుక్కనీ కలిపి నున్నటి గీత గీయడం నాకిష్టం లేదు. గ్రాఫ్‌లో ఆ చోటు ఖాళీగా వదిలేస్తాను. ప్రతి అంకె పక్కన దాన్ని ఎన్ని గంటలకు తీసుకున్నామో రాస్తాను. రికార్డుల గొడవలో ఒక్క గంట తేడాకే లక్షల వ్యూస్ అటూఇటూ అవుతాయి మరి.