ఒక్క ఈత చాలంటారు

ఆడకుక్కను పెంచే ఇళ్లలో దానికి రెండో ఏడు వచ్చేసరికి ఒక మాట మొదలవుతుంది: ఒక్క ఈత తీయించి, ఆ తర్వాత ఆపరేషన్ చేయిద్దాం అని. చుట్టాలు అడుగుతారు. పక్కింటివాళ్లు మాకో పిల్లనివ్వండని ముందే చెప్పిపెడతారు. మగ లాబ్రడార్ ఉన్నవాళ్లు క్రాసింగ్‌కి సిద్ధంగా ఉంటారు. డబ్బులొద్దు, పుట్టినవాటిలో నచ్చినదొకటి ఇస్తే చాలంటారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, కుక్క మీద ప్రేమే ఉంది. అయినా ఇంట్లో ముద్దుగా పెంచుకునే కుక్క చేత పిల్లలు పెట్టించకూడదనే నేనంటాను. చూడి కుక్కను తొమ్మిది వారాలు కనిపెట్టుకోవడం చాలామందికి చేతనవుతుంది. పుట్టిన ఏడెనిమిది పిల్లల్లో ఒక్కోదాని పది, పన్నెండేళ్ల బతుక్కి పూచీపడటం చేతకాదు. ఈత తీయించడమంటే ఆ పూచీ నెత్తిన వేసుకోవడమే.

ఒకసారి పిల్లల్ని పెడితేనే ఆడకుక్క ఆరోగ్యంగా ఉంటుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. అందుకు నమ్మదగిన ఆధారం లేదు. గర్భసంచిలో చీము పట్టే జబ్బు, పయోమెట్రా, ఒక ఈతతో తప్పిపోయేది కాదు. స్వీడన్‌లో బీమా రికార్డులు పరిశీలిస్తే, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు పదేళ్లు నిండేలోపు అది వచ్చినట్టు తేలింది. ఇక జతకట్టించడంలోనే ప్రమాదాలున్నాయి. సంపర్కం వల్ల ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకునే టీవీటీ అనే కణితి మన పశువైద్యులకు బాగా పరిచయమైన జబ్బే.

ఈనే రాత్రి సంగతి ఇంకా దగ్గర్నుంచి చూడాలి. ముందురోజు తల్లి ఒంటి వేడి తగ్గుతుంది, తిండి ముట్టదు, గుడ్డలు గీకి పక్క చేసుకుంటుంది. నొప్పులు బలంగా వస్తూ అరగంటైనా పిల్ల బయటికి రాకపోతే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ వేళకి ఆపరేషన్ చేయగల డాక్టరు మన చిన్న పట్టణాల్లో ఎంతమంది దొరుకుతారు? పగ్‌లు, బుల్‌డాగ్‌ల వంటి పెద్ద తల, ఇరుకు కటి ఉన్న జాతుల్లో సిజేరియన్ తరచూ తప్పదు. పుట్టిన పిల్లలకు కళ్లు కనబడవు, చెవులు వినబడవు, తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. తల్లి నాకితే తప్ప మూత్రం కూడా పోసుకోలేవు. గండం గడిచిందనుకున్న రెండు మూడు వారాలకు, పొమరేనియన్ లాంటి చిన్న కుక్కల్లో పాలు బాగా దిగే సమయాన, తల్లి ఒంట్లో కాల్షియం పడిపోయే ప్రమాదముంది. అప్పుడు రొప్పుతుంది, వణుకుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి. వెంటనే కాల్షియం ఎక్కించకపోతే ప్రాణం పోతుంది.

మా కుక్క బంగారం, దాని పిల్లలూ అలాగే ఉంటాయి అంటారు. తల్లి బంగారమే కావచ్చు. లాబ్రడార్లలో చూపు క్రమంగా పోగొట్టే ఒక వంశపారంపర్య జబ్బుంది. లోపమున్న జన్యువును ఒక్కటే మోసే కుక్కకు చూపు జీవితాంతం నిక్షేపంగా ఉంటుంది. అలాంటి రెండింటిని జతకట్టిస్తే పుట్టే పిల్లల్లో ప్రతిదానికీ ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ పిల్లలూ చిన్నప్పుడు చలాకీగానే తిరుగుతాయి, చాలావాటికి నడివయసులో గానీ బయటపడదు. ఈలోగా వాటి చేతా ఈతలు తీయించేసి ఉంటారు. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్లలో కనిపించే తుంటి లోపం ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం ఈ కుక్క తల్లిదండ్రులెవరో చెబుతుంది, వాటి తుంటి ఎలా ఉందో చెప్పదు. బ్రీడింగ్‌ను శ్రద్ధగా చేసేవాళ్లు మూడు తరాల జబ్బుల చిట్టా చూసుకుని, పరీక్షలు చేయించి, బాగున్న కుక్కనైనా ఒక్క లోపం కారణంగా పక్కన పెడతారు. పక్క కాలనీలో మగకుక్క ఉందన్న ఆధారం మీద జరిగే క్రాసింగ్‌లో ఇవేవీ ఉండవు.

ఇక పిల్లల్ని ఇచ్చే వయసు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల బ్రీడింగ్, అమ్మకాల నిబంధనల ప్రకారం అమ్మకానికి ఈతలు తీసేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జతకట్టించకూడదు, జీవితంలో ఐదు ఈతలు మించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఇళ్లలో ఇవి తెలిసినవాళ్లే తక్కువ. నాలుగో వారం దాటితే ఏడు పిల్లలు ఇల్లంతా పాడుచేస్తాయి, తిండి ఖర్చు పెరుగుతుంది, అడిగినవాళ్లు తొందరపెడతారు, నెలకే ఇచ్చేస్తారు. కానీ ఎంత గట్టిగా కొరికితే అవతలివాడికి నొప్పో పిల్ల నేర్చుకునేది ఆ మిగిలిన నెల్లోనే. అన్నదమ్ములతో కుస్తీ పడుతూ, తల్లి చేత మందలింపు తింటూ నేర్చుకుంటుంది. ఆ పాఠం అందని పిల్లల్లో కొన్ని ఏడాది తిరిగేసరికి ఇంట్లో పిల్లాడి చేయి పట్టేస్తాయి. అప్పుడు వాటిని గొలుసుకు కట్టేస్తారు, లేదా ఊరి బయట వదిలేస్తారు.

వీధికుక్కల సంఖ్యను నా వాదనకు ప్రధాన బలంగా చూపను. 2019 పశుగణన దేశంలో కోటిన్నర పైచిలుకు వీధికుక్కల్ని లెక్కగట్టింది, నిజమే. వాటిలో అధికభాగం వీధిలోనే, ఆపరేషన్ కాని కుక్కలకు పుట్టినవి. మీ లాబ్రడార్ పిల్లలు కావు. రాత్రిళ్లు బయట వదిలే పెంపుడు మగకుక్కలకు మాత్రం ఇందులో వాటా ఉంది. నాకు ముఖ్యం ఆ లెక్క కాదు, మన ఇంట్లో పుట్టి మన చేతుల మీదుగా వెళ్లిన ఆ ఏడు పిల్లలు.

గట్టి అభ్యంతరం ఒకటుంది. ప్రేమగా పెంచేవాళ్లంతా మానేస్తే మిగిలేది బోనుల్లో తల్లుల్ని కుక్కి ఏటా పిల్లల్ని పిండుకునేవాళ్లే కదా? దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. అయితే ఇంటి ఈత ఆ వ్యాపారానికి పోటీగా నిలవడం లేదు, దానికే సరుకు అందిస్తోంది. చుట్టాలకు రెండు పోను మిగిలిన ఐదింటిని తీసుకెళ్లేది దళారే. అవి ఏ షాపు చేరాయో, ఎవరి మేడ మీద కట్టేసి ఉన్నాయో ఆ ఇంటివాళ్లు చెప్పలేరు. పరీక్షలు చేయించి, నమోదు చేయించుకుని, ఎప్పుడైనా వద్దనుకుంటే పిల్లను తిరిగి తీసుకుంటానని రాసిచ్చే మనిషి ఇంట్లోనే చేస్తున్నా నాకు అభ్యంతరం లేదు. అప్పుడది సరదా కాదు, బాధ్యతతో చేసే వృత్తి.

మరి మన జాతుల మాటేమిటి? కొల్లేరు చుట్టూ, గోదావరి, కృష్ణా జిల్లాల్లో బాతుల మందల్ని కాసిన జోనంగి కుక్క ఇవాళ అరుదైపోయింది. పొట్టి బొచ్చు, ముడతలు పడ్డ నుదురు, మొరగడానికి బదులు రాగం తీసినట్టుండే అరుపు. బాతుల పెంపకం చేపల చెరువులకు దారిచ్చాక దానికి పని పోయింది. దాన్ని నిలబెట్టాలంటే ఈతలు తీయించాల్సిందే, కాదనను. ఉన్నవే కొన్నైనప్పుడు దగ్గరి రక్తం కలవకుండా చూడటం మరీ అవసరం. ఏ కుక్క ఏ ఊరిది, దేనికి పుట్టింది అన్న రికార్డు లేకుండా ఆ పని సాగదు.

ఆపరేషన్‌కీ నష్టాలున్నాయనే మాట నిజమే. గోల్డెన్ రిట్రీవర్ లాంటి పెద్ద జాతుల్లో ఏడాది నిండకముందే చేస్తే కీళ్ల సమస్యలు పెరుగుతాయని కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ పరిశోధకులు 2013లో చూపారు. కాబట్టి ఎప్పుడు చేయించాలో జాతిని బట్టి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి, అప్పటిదాకా ఎదకొచ్చిన మూడు వారాలూ గొలుసు లేకుండా బయటికి పంపకూడదు. అనుకోకుండా జతకట్టేస్తే ఆ వారంలోనే డాక్టరును కలవాలి, అప్పుడు మార్గాలుంటాయి. అవి దాటిపోయి ఈనితే, పిల్లల్ని ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉంచి, నులిపురుగుల మందు, మొదటి పార్వో టీకా మీ ఖర్చుతోనే వేయించి, తీసుకెళ్లేవాళ్ల ఇల్లు చూసి ఇవ్వండి. మీ ఫోన్ నంబరు కూడా ఇచ్చి, వద్దనుకుంటే ఎక్కడా వదలకుండా నాకే తెచ్చివ్వండని చెప్పండి.