శనగ విత్తినాక తిరుమల దారి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో తిరుమలకు నడిచొస్తామని మొక్కుకున్నవాళ్లు పంచాంగం కన్నా ముందు చేను చూస్తారు. నల్లరేగడిలో శనగ అక్టోబరు, నవంబరు నెలల్లో పడుతుంది. మూడు, మూడున్నర నెలల పంట. మొలక నిలదొక్కుకుని, కలుపు తీయించి, పురుగుకు ఒక మందు కొట్టాక రైతుకు కాస్త తీరిక దొరుకుతుంది. మళ్లీ కోతలు దగ్గరపడేది జనవరి చివర. ఆ నడుమనే ధనుర్మాసం. పులివెందుల వైపు చీని, అరటి తోటలున్నవాళ్లకు ఇంత తేలిక కాదు. నీళ్లు కట్టే మనిషిని చూసుకునే కదలాలి.

పెద్దలు ఈ కాలాన్ని ఊరికే ఎంచలేదని నా నమ్మకం. ధనుర్మాసం సూర్యుణ్ని బట్టి వస్తుంది. ఏటా డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై సంక్రాంతికి ముగుస్తుంది. అధికమాసం వచ్చినా అది పక్కకు జరగదు. అదే ఉగాది చూడండి: 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న. ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ తేడా పట్టదు గానీ, తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా శ్రీశైలం పోయేవాళ్ల అరికాళ్లకు బాగా తెలుస్తుంది. ఉగాదికి కర్ణాటక భక్తులు వేల మంది ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా నల్లమల దాటి మల్లన్నను చేరుకుంటారు. వాళ్ల ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. అయితే ఆ ఎండలో నడక సాగుతున్నదంటే దారిపొడవునా జనం పెట్టే చలివేంద్రాలు, అన్నదానాలే కారణం. ఆ ఆసరా లేని దారిలో, సొంత నీళ్లసీసా నమ్ముకుని, మార్చి దాటాక మాత్రం ఎవరూ బయల్దేరవద్దు.

మరి వానాకాలం? పండరిపురం వార్కరీలు ఆషాఢ ఏకాదశికే కదా ఆళంది నుంచి సుమారు 250 కిలోమీటర్లు నడిచేది అని అడుగుతారు. తొలకరికి విత్తుకుని విఠలుడి దగ్గరికి బయల్దేరడం అక్కడి రైతు పద్ధతి. మన ఆషాఢం వేరు. నైరుతి మేఘం పడమటి కనుమల మీదే కురిసేసి, మన దాకా వచ్చేసరికి గాలే ఎక్కువగా మిగులుతుంది. ముద్దనూరు, కొండాపురం మిట్టల్లో ఆ ఎదురుగాలికి దుమ్ము కళ్లల్లో కొడుతుంది. వేరుశనగ రైతు పదును కోసం మబ్బులకేసి చూస్తూ ఉంటాడు, చేను వదిలి రాడు.

కార్తీకం పూజకు ఎంత మంచిదో మన దారిలో నడకకు అంత ప్రమాదం. బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టేది అప్పుడే. 2021 నవంబరు 19 కార్తీక పౌర్ణమి. ఆ ఉదయం చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లను వరద ముంచేసింది, ఎందరో కొట్టుకుపోయారు. ఆ వానలకే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. తిరుమలలో శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, 2022 మేలో గానీ మళ్లీ తెరుచుకోలేదు. తిరుమలకు పోవాలంటే ఈ ఏర్లనే దాటాలి. అందుకే నవంబరులో మొక్కు ఉన్నా, వాన వెనకబట్టేదాకా ఆగడమే భక్తి అంటాను.

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, ఖాజీపేట, చెన్నూరు మీదుగా దేవుని కడప చేరి, అక్కడ లక్ష్మీ వేంకటేశ్వరుడికి చెప్పుకుని, ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, రైల్వే కోడూరు పట్టుకుని పోతారు. రెండు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రోజుకు 30 చొప్పున వారం నడక. జమ్మలమడుగు వాళ్లకు ఒక పూట అదనం. పులివెందుల వాళ్లు గండి ఆంజనేయుడికి మొక్కి, వేంపల్లె మీదుగా కడపకు వస్తారు. తాళ్లపాక అన్నమయ్య నడిచినదని చెప్పుకునే అడవిబాట మామండూరు, కుక్కలదొడ్డి వైపు నుంచి కొండ ఎక్కుతుంది. అటవీ శాఖ వదిలితేనే ఆ దారి. వానలు వెళ్లిన కొత్తలో వాగుల్లో ఇంకా నీళ్లుంటాయి కాబట్టి దానికీ డిసెంబరే అనువు.

వేసవిలో రాత్రి మూడుకు లేచినా తొమ్మిదికల్లా చెట్టు కింద చేరాలి, నాలుగు దాకా కదలకూడదు. చలికాలంలో పదకొండు దాకా నడవవచ్చు, మధ్యాహ్నం మూడుకే మళ్లీ లేవవచ్చు. రోజుకు మూడు గంటలు కలిసొస్తాయి. దీనికీ ఒక చిక్కుంది, మంచు. తెల్లారే వేళకే అది దట్టంగా దిగుతుంది. నాపరాళ్లు, సిమెంటు మోసే లారీలకు ఎదురుగా పది గజాల్లో మనిషి ఆనడు. మెరిసే పట్టీల జాకెట్టు వేసుకుని, రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవాలి. మంచు మరీ కమ్మితే ఆగిపోవాలి. ఆ వేళకు ఏ ఊరి గుళ్లోనైనా ధనుర్మాస పూజ అయి, వేడివేడి పొంగలి దొన్నెలో పెడుతుంటారు. మిరియం పంటి కింద నలుగుతుండగా నిలబడి తింటే, చలికి బిగిసిన పిక్కలు వదులవుతాయి.

వెన్నెలను కూడా లెక్కేసుకోవాలి. శుక్లపక్షంలో బయల్దేరితే చంద్రుడు సాయంత్రపు నడకకు తోడుంటాడు, బహుళంలో అయితే వేకువ నడకకు. శివరాత్రికి శ్రీశైలం పోయేవాళ్లు పౌర్ణమి దాటగానే కదిలితే మొదటి నాలుగైదు వేకువలు వెలుతురు బాగుంటుంది. చివరి రోజులకు టార్చిలైటు తప్పదు.

చలికాలంలో పాదాలకు బొబ్బల కన్నా పగుళ్ల బాధ ఎక్కువ. రాత్రి కాళ్లు కడిగి, బాగా తుడిచి, మడమలకు నువ్వులనూనె పట్టించి పడుకోవాలి. దగ్గరదారి అని పొద్దున్నే శనగచేలకు అడ్డం పడవద్దు. ఆకుల మీది పులుపు మంచునీళ్లతో కలిసి పగుళ్లలోకి దిగితే మడమలు చురచుర మండుతాయి. తర్వాత పది కిలోమీటర్లూ మునివేళ్ల మీద కుంటాల్సిందే.

కొండ కిందికి ఏ వేళకు చేరతామన్నది ఇప్పుడు ముఖ్యమైంది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకున్నాక పిల్లలతో వెళ్లేవాళ్లకు వేళల కట్టుబాట్లు వచ్చాయి. చీకటిపడ్డాక ఎక్కుదామనే పాత అలవాటు మానుకుని, ముందురోజు రాత్రి కిందే పడుకుని పొద్దున మెట్లెక్కడం మంచిది.

ముక్కోటి ఏకాదశి నాడే దర్శనం కావాలన్న పట్టుదల మీద కూడా ఒక మాట చెప్పాలి. 2025 జనవరి 8న తిరుపతిలో ఆ దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వారం రోజులు నడిచి అలిసిన కాళ్లతో ఆ రద్దీలో నిలబడటం వద్దు. ధనుర్మాసం పట్టిన మూడో నాలుగో రోజున ఇల్లు కదిలితే డిసెంబరు చివరి వారం మొదట్లో కొండ మీద ఉంటారు. ఆ ఏడు ముక్కోటి కూడా డిసెంబరు చివరనే వస్తే, జనవరి మొదటి వారం గడిచాక ఎక్కేలా వెనక్కి లెక్కేసుకోండి. ఎలా చూసినా సంక్రాంతికి ఇంటికి చేరతారు. శనగ పీకడానికి ఇంకా రెండు వారాలుంటుంది.