గట్టు మీది వెంపలి

చీపురుపల్లి నుంచి గరివిడి వైపు నడిస్తే రైలు కట్ట పొడుగునా రెండు రకాల పచ్చదనం కనబడుతుంది. తలెత్తి చూడాల్సింది సర్కారు తుమ్మ. మోకాలు దాటనిది వెంపలి. గుచ్చుకుంటుంది కాబట్టి తుమ్మ అందరికీ తెలుసు. వెంపలిని తొక్కుకుంటూ పోతాం. మనుషులు పొట్టివాళ్లైపోయి వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసుకునే రోజులొస్తాయని మా పెద్దలు బెదిరించేవారు. ఆ మాటలో తప్ప ఇప్పుడు వెంపలి ఊసెత్తేవాళ్లు కనబడరు. దాన్ని కోసి మడిలో తొక్కడం ఒకప్పుడు ఎడ్లు కట్టినంత మామూలు పని.

వెంపలి రెక్క ఒకటి తుంచి, మొదలూ చివరా పట్టుకుని లాగండి. అడ్డంగా తెగదు. ఈనెల వాలు వెంబడి చీలి, బాణం తోకలోని ఈకల్లా కోసుగా విడిపోతుంది. ఆయుర్వేదంలో దీన్ని శరపుంఖ అంటారు, కాలేయానికీ ప్లీహానికీ మందుగా వాడతారు. బడిపిల్లలకు మాత్రం ఆ చీలిక ఒట్టి ఆట.

అసలు చూడాల్సింది నేల కింద. వాన పడి మన్ను మెత్తబడ్డాక ఒక మొక్కను గునపంతో పెళ్లగించి, నీళ్లలో మెల్లగా జాడిస్తే సన్నవేళ్లకు బుడిపెలు కనబడతాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు. ఎరుపుంటే బాక్టీరియా పనిలో ఉందని గుర్తు. గాలిలోని నత్రజనిని మొక్క తినగలిగే రూపంలోకి మారుస్తోందన్నమాట. లోపల గోధుమ రంగుకు తిరిగితే ఆ బుడిపె పని అయిపోయింది. ఈ బాక్టీరియాను 1888లో బైయరింక్ అనే డచ్చి శాస్త్రవేత్త బుడిపెల్లోంచి వేరుచేశాడు. గరువు మీద చోడి వేసుకునే రైతుకు బైయరింక్ ఎవరో అక్కర్లేదు, మొక్క బలం తెలిస్తే చాలు.

రొట్ట కోయడానికీ ఒక పద్ధతుంది. పూతకు ముందే కోయాలి. ముదిరితే కాడ కుళ్లదు, ఉభాలకు దిగిన ఆడవాళ్ల కాళ్లలో దిగబడుతుంది. చిన్నప్పుడు కొడవలి పట్టుకుని నేనూ తయారైతే, పక్క వరసలో కోస్తున్న ముసలమ్మ ఒకామె వారించింది: "మొదలంటా కోసీకు బాబూ, మల్లీ ఏటి కోస్తావు?" నాలుగు వేళ్ల మోడు వదిలితే మళ్లీ చిగురు పెడుతుంది. కోసిన మోపులు దమ్ము చేసిన మడిలో పరిచి, కాళ్లతో బురదలోకి తొక్కి, నీళ్లు నిలిపి కుళ్లనివ్వాలి. ఆ వాసన గురించి ఏం చెప్పినా తక్కువే. గత్తం చాలని ఇంటివాళ్లు ఇలా మడి మడికీ రొట్ట సర్దుకునేవారు. ముదిరిపోయిన మొక్కలైనా వృథా కాలేదు, కట్టకట్టి కళ్లం ఊడ్చుకునేవాళ్లం. వేరు పళ్లు తోముకోవడానికి. ఎక్కడో హవాయి దీవుల్లో ఇదే మొక్కను నలిపి నీటి గుంటల్లో వేసి, మత్తెక్కి తేలిన చేపల్ని పట్టేవారట.

నత్రజని సంగతిలో సర్కారు తుమ్మ కూడా తక్కువది కాదు. దాని వేళ్లకూ బుడిపెలుంటాయి, ఎండకూ చవుడుకూ అది జంకదు. మనదేశంలో తొలిసారి నాటింది మన కడప జిల్లాలోనే. 1877లో కమలాపురంలో, మద్రాసు అటవీ శాఖ తెప్పించిన విత్తనంతో. వంటచెరకు కరువు తీరుతుందని వేశారు, తీరింది కూడా. ఇవాళ్టికీ బొగ్గు బట్టీలవాళ్లకు అదే దిక్కు, చేలకు ముళ్లకంచె కూడా అదే. కానీ వెంపలిని మొదలంటా నరికితే ఇక లేవదు. తుమ్మ ఒక కొమ్మ నరికితే నాలుగై లేస్తుంది. మేకలు తియ్యటి కాయలు తిని గింజల్ని ఊరంతా చల్లిపెడతాయి. కెన్యాలో బరింగో ప్రాంతం వాళ్లు ఈ కాయలు తిని పళ్లూడిపోయిన మేకను ఏకంగా కోర్టుకే తోలుకెళ్లి, ఈ చెట్టు తెచ్చిపెట్టినందుకు ప్రభుత్వం మీద దావా వేశారు! చెరువు గర్భంలో తుమ్మ తీయిస్తున్నామంటూ పైపైన కొట్టించి బిల్లు పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొదలు చుట్టూ తవ్వి, మన్నులో ఉన్న చిగురు కణుపులతో సహా తీయకపోతే అది ఆ చెట్టుకు చేసిన సేవే.

మరి మంచిదైన వెంపలిని ఎందుకు వదిలేశాం? బద్ధకం అనను. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది, సైకిలు మీద వచ్చేస్తుంది. అంత నత్రజని రొట్టలో కావాలంటే టన్నుల లెక్కన కోసి మోయాలి. ఆ మోత మోసినవాళ్లకు బస్తా వరంలాగే కనబడింది, తప్పు పట్టలేం. అయితే 2025 ఖరీఫ్‌లో ఆ బస్తా కోసమే రైతులు తెల్లవారకముందు నుంచి వరసల్లో నిలబడ్డారు.

నన్నడిగితే మోయాల్సిన పని లేకుండా మడిలోనే పెంచుకోవడం మేలు. రాయితీ మీద ఇచ్చే పచ్చిరొట్ట విత్తనమంటే జీలుగ, జనుము, పిల్లిపెసర. తడి ఉన్నచోట జీలుగకు సాటి లేదు, నెలన్నరలో కలియదున్నడానికి వచ్చేస్తుంది. వెంపలి అంత తొందరగా ఎదగదు, కానీ వేసవంతా చుక్క నీరు అడగదు. పశువులు పెద్దగా మూతి పెట్టవు, కాపలా అక్కర్లేదు. తమిళనాడులో కొళింజి పేరుతో వరి కోసిన మళ్లలో వేసేది దీన్నే. ఒకసారి వేస్తే రాలిన గింజతో మరుసటేడు తానే మొలుస్తుంది. గింజ పైపొర మాత్రం మొండిది, ఊరికే చల్లితే సగం మొలవదు. గరుకు ఇసుకతో కలిపి రోట్లో మెల్లగా రుద్ది, పైపొర గీరుకుపోయాక, మడిలో పదును ఆరకముందే చల్లాలి. తొలకరికి దున్నేయడమే.

వరి కోశాక మినుమో పెసరో వేసుకునేవాళ్లకు ఇది చెప్పను, వాళ్లకు పంటా వస్తుంది, వేళ్లకు బుడిపెలూ వస్తాయి. సంక్రాంతి నుంచి తొలకరి దాకా ఖాళీగా పడుండే మళ్లవాళ్లకే ఈ మాట.