వేరు కాపురం పాటలు

ఒకే గాయకుణ్ణి మెచ్చే ఇద్దర్ని కూర్చోబెట్టి, "ఒక్క పాట చెప్పండి" అనండి, పోట్లాట ఖాయం! స్టీవ్ హాకెట్ అభిమానులూ అంతే. ఇంగ్లండులోని 'జెనెసిస్' బృందంలో 1971 నుంచి గిటార్ వాయించిన హాకెట్ 1977లో బయటికొచ్చేశాడు. వేరు కాపురం పెట్టినవాడి వంటని చుట్టాలంతా రుచి చూస్తారు కదా!

కొందరు 1975 నాటి 'షాడో ఆఫ్ ది హైరోఫాంట్' అంటారు. అందులో శాలీ ఓల్డ్‌ఫీల్డ్ గొంతు నిజంగా హాయిగా ఉంటుంది. కానీ అప్పటికింకా ఆయన ఉమ్మడి ఇంట్లోనే ఉన్నాడు. తప్పటడుగు పడినా వెనక్కి వెళ్ళడానికి గుమ్మం ఉంది.

నా ఓటు 1979లో వచ్చిన 'స్పెక్ట్రల్ మార్నింగ్స్'కే. అప్పటికి ఆ గుమ్మం లేదు. పాటలో ఒక్క మాటా లేదు. వేళ్ళ వేగం చూపించే తాపత్రయం లేకుండా, ఒక్కో స్వరాన్నీ నిలిపి, సాగదీసి, గిటారు చేతనే పాడించాడు. అదే రికార్డులో నవ్వించడానికి పెట్టిన 'ది బ్యాలడ్ ఆఫ్ ది డీకంపోజింగ్ మ్యాన్' మాత్రం, నన్నడిగితే, పెళ్ళి భోజనంలో పంటికింద రాయే.

పైకి చెప్పుకోలేనివి మనకీ బోలెడుంటాయి. అందుకేనేమో, ఆ మాటల్లేని పాట నాకు పరాయిదనిపించదు. మీదే పాటో చెప్పండి, పోట్లాడుకుందాం!