చీటీల కథ కాదు, కోతల తిండి

ఎనిమిదో చాంద్రమాసం పున్నమి నాడు చైనీయులు జరుపుకునే శరత్కాల పండుగ మాట వస్తే, మూన్‌కేక్ పుట్టుక కథ కూడా తప్పకుండా వస్తుంది. 14వ శతాబ్దంలో మంగోలు పాలకుల మీద తిరగబడమని చీటీలు రాసి, కేకుల్లో దాచి ఇంటింటికీ పంచారట. ఆ తిరుగుబాటుతోనే 1368లో మింగ్ వంశం గద్దెనెక్కిందట. కథ రంజుగానే ఉంది, ఆధారమే లేదు. ఆ కాలపు రాతల్లో ఈ చీటీల ఊసు దొరకదు. పైగా అంతకు ముందే, దక్షిణ సాంగ్ కాలపు హాంగ్‌జౌ నగరం గురించి జౌ మి రాసిన పుస్తకంలో మూన్‌కేక్ పేరుంది. అదీ పండుగ పిండివంటగా కాదు, ఆవిరి మీద ఉడికించే చిరుతిళ్లలో ఒకటిగా.

పండుగ మాత్రం కేకు కన్నా పాతది, దాని వేళ్లు కోతల్లో ఉన్నాయి. 12వ శతాబ్దపు తొలినాళ్ల కైఫెంగ్‌లో ఈ పండుగ సందడిని మెంగ్ యువాన్‌లావ్ వర్ణించాడు: కొత్త మద్యం, పీతలు, దానిమ్మ, ద్రాక్ష, నారింజ. అన్నీ ఆ రోజుల్లో చేతికొచ్చేవే, కేకు లేదు. దక్షిణ చైనాలో ఇప్పటికీ ఆ రాత్రి చేమదుంపలు ఉడకబెట్టుకుంటారు. చక్రవర్తులు చేసే చంద్రపూజ రైతుల పండుగ ఎలా అవుతుందని అడగవచ్చు. 1530లో బీజింగ్‌లో చంద్రవేదిక కట్టింది రాజపూజకే, నిజమే. కానీ ఆ పూజ శరద్విషువత్తు నాటిది. జనం పట్టుకున్నది పున్నమిని, చంద్రుడికి పెట్టింది పండిన పంటను.

మరి కేకు ఎప్పుడు చేరింది? 16వ శతాబ్దంలో, హాంగ్‌జౌ జనం ఈ రోజున మూన్‌కేకులు ఇచ్చిపుచ్చుకుంటారని, కుటుంబమంతా కలవడానికి అది గుర్తని టియన్ రుచెంగ్ రాశాడు. అంటే ఇది తినడానికే కాదు, పంచడానికీ పుట్టిన పండుగ వంట. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు పద్ధతి చూస్తే ఆ సంగతి ఇంకా తేటపడుతుంది. పంచదార నీళ్లలో నిమ్మరసం పిండి సన్నసెగ మీద పాకం పడతారు. పులుపు వల్ల అది మళ్లీ గడ్డకట్టదు, తేమనూ పట్టి ఉంచుతుంది. పిండిలో ఆ పాకం, వేరుశనగ నూనె, కాస్త క్షారజలం కలిపి తోపు చేస్తారు. తామర గింజల పూర్ణం మధ్య ఉప్పులో ఊరిన బాతుగుడ్డు పచ్చసొన పెట్టి, పలుచని తోపుతో మూసి, చెక్క అచ్చులో నొక్కి, బోర్లించి తడతారు. కాల్చి పొయ్యిలోంచి తీసినప్పుడు పై పొర గట్టిగా, పొడిగా ఉంటుంది. రెండు మూడు రోజులాగితే పూర్ణంలోని నూనె పైకి చేరి మెత్తబడి నిగనిగలాడుతుంది. ఆగితేనే రుచి పెరిగే తిండిని పక్కూరికి పంపడానికి భయమేముంది?

సుజౌ నగరపు మూన్‌కేక్ ఈ వాదనకు అడ్డం తిరుగుతుంది కదా అనవచ్చు. మన మడత కాజాలా పొరలు పొరలుగా ఉండే ఆ కేకులో పంది మాంసం కూరి, పొయ్యి మీంచి తీసిన వేడిలోనే తింటారు. అయితే అక్కడే గింజలు, పప్పులు కూరిన నిలవ రకాలూ ఉన్నాయి. వలస వెళ్లినవాళ్ల వెంట ఆగ్నేయాసియాకు చేరి ఎక్కువగా నిలిచింది మాత్రం గ్వాంగ్‌డాంగ్ కేకే.

పంచుకోవడమే ప్రధానమైతే, ఆ పంపకమే పండుగను పాడుచేసిందనే ఆరోపణ గట్టిది. ఆఫీసర్లకు ముడుపులుగా వెళ్లే బంగారు పెట్టెల మాట అబద్ధం కాదు. 500 యువాన్లు దాటిన మూన్‌కేకుల అమ్మకాల మీద 2022లో చైనా ప్రభుత్వం నిఘా పెట్టింది, పెట్టెల ఆర్భాటానికీ పగ్గం వేసింది. అది సరైన పనే. తప్పు పెట్టెది, పూర్ణానిది కాదు. మూన్‌కేక్ కొనాలనుకునేవారు అట్టమీది బొమ్మను వదిలి, తామర గింజల వాటా ఎంతో, చేసిన తేదీ ఏదో చూసుకోండి.